కంబన్న ఫోటో

"ఇంతకుముందు దాతలెవరూ రాలేదా ఈ రత్నమణిగారి దగ్గరికి?" అడిగాడు జయకుమార్.

"ఇద్దరొచ్చినారు సార్. కుదర్లేదు," అంది ప్రేమజ్యోతి.

ముందు పోతున్న నాపరాళ్ళ లారీ కారు మీదికి తెల్లటి దుమ్ము పోస్తోంది. జయకుమార్ అద్దం పైకెత్తాడు.

హైదరాబాదులో ఒక కంపెనీ ట్రస్టులో అతను కొత్తగా చేరాడు. పల్లెల్లోని చిన్న సంస్థలను చూసి, ఎవరికి గ్రాంటు ఇవ్వచ్చో రాసివ్వడం అతని పని. ప్రేమజ్యోతిది కర్నూలు. అలాంటి సంస్థలనూ దాతలనూ కలిపే పని ఆమెది. ఇప్పుడు బేతంచెర్ల శివార్లలో రత్నమణి నడిపే కేంద్రానికి పోతున్నారు. క్వారీల్లో ఏళ్ళ తరబడి రాతిదుమ్ము పీల్చి ఊపిరి చెడినవాళ్ళను చూసుకునే చోటు అది.

ఇద్దరొచ్చినా కుదరలేదంటే ఏదో లోపం ఉండే ఉంటుంది. జాగ్రత్తగా చూడాలనుకున్నాడు జయకుమార్.

కేంద్రమంటే చర్చి వెనక రెండు గదులు, ముందొక రేకుల వసారా. రత్నమణి లేదు. వంట చేసే యశోద బెంచీ తుడిచి, "అక్క పక్కవీధికి పోయిండాది సార్. ఒకాయనకు ఆయాసం ఎక్కువైందంట. కూచోండి," అంది.

కూర్చున్నారు. ఎండ వసారాలోకి పాకింది. రత్నమణి జాడ లేదు.

"ఫోన్ చేసి తొందరపెట్టేదా సార్?" అంది ప్రేమజ్యోతి. "సాయంత్రం మీకు రైలుండాది కదా."

"వద్దండీ. ఊపిరాడని మనిషిని వదిలేసి నాకోసం రమ్మంటామా?"

అంతలో రిపేరుకు పోయిన ఆక్సిజన్ మిషను ఆటోలో వచ్చింది. యశోద ఒకవైపు పట్టుకుంటే, జయకుమార్ చొక్కా చేతులు పైకి మడిచి రెండోవైపు పట్టుకున్నాడు.

రత్నమణి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. యాభై దాటిన మనిషి. భర్తను ఆ రాతిదుమ్మే తీసుకుపోయింది. ఆ తర్వాతే ఈ కేంద్రం పెట్టింది.

"శానా సేపు కూచోబెడితిమి సార్. ఊర్లో మంచి హోటలుండాది, భోంచేసి వస్తారా?"

"లోపల ఏదో ఘుమఘుమలాడుతుంటే హోటలెందుకమ్మా?"

సంగటి, పప్పు, చెనిగ్గింజల చట్నీ. మారు వడ్డించమని అడిగి మరీ తిన్నాడు.

చెయ్యి కడుక్కుంటుండగా డైరెక్టర్ ఫోన్ చేశాడు. "పేషెంట్ల ఫోటోలు పంపు. మంచంలో, ముక్కుకు గొట్టంతో. చూస్తే కడుపు తరుక్కుపోవాలి. అవి లేకపోతే బోర్డు ముందు నేనేం పెట్టను?"

"సరే సార్," అన్నాడు జయకుమార్.

లోపలి గదిలో కంబన్న అనే ముసలాయన ముక్కుకు గొట్టంతో మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. జయకుమార్ చేతిలో ఫోన్ చూడగానే చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఫోటోకప్పా. ఎముకలు బాగా కనపడాల కదా? పండుకోమంటావా?"

జయకుమార్ ఫోన్ జేబులో పెట్టేశాడు. వంగి, ఆ గుండీలు మళ్ళీ పెట్టాడు. "ఫోటో తర్వాత. ముందు మీ పని సంగతి చెప్పండి."

కంబన్న ఒకసారి రత్నమణి వంక చూశాడు. తర్వాత చెప్పుకొచ్చాడు. చెప్పేకొద్దీ గొంతులోకి హుషారొచ్చింది. "మంత్రాలయంలో ఒక సత్రముండాదప్పా. ఆ వరండా అంతా నేను కోసి పరిచిన బండలే. ఎంతమంది పండుకుంటారో దాని మీద! ఒకసారి నేను పోతే, చోటు లేదు పోప్పా అనిరి నన్నే!"

నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. జయకుమార్ అతని వీపు నిమిరి నీళ్ళు తాగించాడు. తేరుకున్నాక అడిగాడు, "ఇప్పుడు చెప్పండి. ఫోటో ఎట్లా దిగాలని ఉంది మీకు?"

కంబన్న ఒంటిమీది చొక్కా చూసుకున్నాడు. ఆ మాట ఇంతకుముందు తననెవరూ అడిగినట్టు లేరు. "తెల్లచొక్కా ఉండాది," అన్నాడు.

యశోద చొక్కా తెచ్చింది. రత్నమణి తల దువ్వింది. వసారాలోకి నడిపించి బెంచీ మీద కూర్చోబెట్టారు.

"గొట్టం తీయాల్నా?"

"మీ ఇష్టం."

"ఉండనీలే. దీంతోనే కదా బతికేది. మొగం మాత్రం నవ్వాల."

నవ్వాడు. జయకుమార్ తీశాడు. కంబన్నను అడిగాకే ఆ ఫోటోను డైరెక్టర్‌కు పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. "పెళ్ళి ఫోటోలా ఉంది. ఇంకోటి పంపు."

జయకుమార్ కాస్త ఆలోచించాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "ఇదొక్కటే సార్," అని టైపు చేసి ఫోన్ జేబులో వేసుకున్నాడు. అది మోగినా మళ్ళీ తీయలేదు.

కంబన్న కబుర్లు అయ్యేసరికి పొద్దు వాలింది. రైలు అందదని తేలిపోయింది. రాత్రి బస్సు పట్టుకుంటానన్నాడు జయకుమార్. కారెక్కుతుంటే యశోద చట్నీ పొట్లం చేతిలో పెట్టింది.

కర్నూలు దారిలో అతని మనసు తేలిగ్గా ఉంది. "రిపోర్టులో గట్టిగా రాస్తాను మేడం. బోర్డుతో కూడా నేనే మాట్లాడతాను. పొద్దుటి నుంచీ పాపం రత్నమణిగారు ఎంత టెన్షన్ పడుతున్నారో. ఫోన్ చేసి చెప్పండి."

ప్రేమజ్యోతి ఏదో అనబోయేలోగా ఆమె ఫోనే మోగింది.

"చెప్పక్కా... అందరూ కూచున్యారా?... యశోద ఏమనె?... కంబన్న తాత?... ముందొచ్చిన ఇద్దరి మాదిరి కాదంటనా?... సరేక్కా, నేను చెప్తాలే."

ఫోన్ పెట్టేసి, పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న నవ్వును వదిలేసింది.

"ఏమంటున్నారు?" అడిగాడు జయకుమార్.

"మీరు పాసైనారు సార్."