గ్లిజరిన్ అక్కర్లేదు

టీవీ అవార్డులు ఎవరికొస్తాయో ఇప్పుడు సీన్లు తీయకముందే జోస్యం యంత్రం చెప్పేస్తోంది. నటుల రక్తపోటు నుంచి ఇంట్లోవాళ్ల గుండెజబ్బుల దాకా అన్నీ దానికి తెలుసు. ఇంతవరకు ఒక్కసారీ తప్పలేదు. అది పేరు చెప్పని నటి పాత్రను వారంలోపే చంపేసి, ఫోటోకు దండ వేస్తారు.

నా చెల్లెలు కనకవల్లి ముప్పై ఏళ్లుగా సీరియళ్లలో అమ్మ వేషాలు వేస్తోంది. పెళ్లి చేసుకోలేదు. నాకు అది, దానికి నేను. ఈ సోమవారం ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఈ ఏడు ఉత్తమ అమ్మను నేనేనట! గురువారం తీసే అప్పగింతల సీనుకట. గ్లిజరిన్ కూడా అక్కర్లేదని రాసింది, చూడు!"

"గ్లిజరిన్ లేకుండా నీకు ఏడుపెప్పుడొచ్చిందే?"

"అమ్మ పోయిన రోజు రాలేదూ?" అంటూనే మేనేజరుకు ఫోన్ కలిపింది. తానేమందో తనకే తెలియదు.

అమ్మ తర్వాత అది పోగొట్టుకోవడానికి మిగిలింది నేనొక్కదాన్నే. గురువారానికి మూడు రోజులుంది.

అది ఫోన్ పెట్టేశాక పొయ్యి దగ్గరికి పిలిచి, చారుకు పోపు ఎలా పెట్టాలో చూడమన్నాను.

"అవన్నీ నాకెందుకక్కా, నువ్వున్నావుగా!" అంది.