నీలం కప్పు

"బండాపు పెద్దాయనా! ఇప్పుడేమన్నావ్? మళ్లీ చెప్పు," అని నా భుజం పట్టుకుని కుదిపేసింది ఆవిడ.

అమెరికాలో మా చార్లెస్టన్ ఊరు చూడ్డానికొచ్చినోళ్లని కంచరగాడిద బండెక్కించి, వీధులన్నీ తిప్పుతూ దెయ్యాల కబుర్లతో జడిపించడం నా పని. ఈవిడ బాగానే జడిసిందనుకుని గొంతు ఇంకాస్త బొంగురు చేశా.

"ఇక్కడ వసారా కప్పుకి నీలం ఎందుకేస్తామంటే, చచ్చిపోయినోళ్లు దాన్ని చూసి నీళ్లనుకుంటారమ్మా. నీళ్లు దాటలేరు కదా! గుమ్మం దాకా వచ్చి, ఉసూరుమంటా పోతారు."

వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ మొహంలో నెత్తురు లేదు.

"నేను దిగిన ఇంటి కప్పూ నీలమే. నిరుడు మా పాప ఇక్కడే సముద్రంలో పోయింది. ఒక్కసారన్నా కనిపిస్తదేమోనని రోజూ తలుపు తీసిపెట్టుకుని కూర్చుంటన్నా. అంటే... వచ్చి తిరిగిపోయిందా?"

"అయ్యో తల్లీ, అది ముత్తాతల నాటి ఉత్త కబురు! నేను పచ్చి అబద్ధాలకోరుని. కావాలంటే ఈ గాడిదనడుగు!"

"మరి మీ ఇంటికేశావా?"

ముందుకి తిరిగి పగ్గాలు సర్దుకున్నా. మా ఇంటిది డెల్ఫీన్ పోయాక కూడా ఏటేటా ఆ నీలం నా చేత్తోనే దట్టంగా పూస్తన్నా.

"చెప్పు పెద్దాయనా! ఆ రంగు గోకడానికి రేకెక్కడ దొరుకుద్ది?"

బండిని ఇనప సామాన్ల కొట్టు వైపు తిప్పా.

"రెండు కొందాం తల్లీ," అన్నా.