తలుపు వెనక మనిషి

అన్యాయం జరిగింది ఎవరికి? ప్రేమమ్మకు.

ఎలా జరిగింది? ఒక ఇంగ్లీషు వాక్యానికి సరైన అర్థం చెప్పినందుకు, దక్కవలసిన ఉద్యోగం ఆమెకు దక్కలేదు.

అది 1957, మే నెల. కడపలో ఒక బాలికల ఉన్నత పాఠశాల. ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం ఒక్కటే ఉంది. వచ్చినవారు ఇద్దరు: రాయచోటి నుండి ప్రేమమ్మ, కడప నుండి వెంకటలక్ష్మమ్మ.

ప్రేమమ్మ పనిచేసిన మిషన్ బడి మూతపడింది. ముసలి తల్లికి ఆమె తప్ప దిక్కు లేదు. ప్రేమమ్మ ఒంట్లో జబ్బు ఉన్నదని ఆమె దగ్గే చెబుతోంది. ఈ ఉద్యోగం వస్తే తిండీ, మందూ రెండూ దొరుకుతాయి.

కమిటీ అధ్యక్షుడు లింగమూర్తి గారు కళాశాలలో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. కొత్తగా పాఠ్యంగా పెట్టిన సాలమన్ అనే రచయిత ఇంగ్లీషు కథను ముందుంచుకుని ప్రశ్న వేశారు.

"కరువు కాలం. గింజలు పంచే అధికారి ఒక ఇంటి తలుపు తట్టినాడు. లోపలినుంచి ముసలామె 'దేర్ ఈజ్ నోబడీ ఇన్ ది హౌస్, సర్' అన్నది. అధికారి గింజలతో వెళ్లిపోయినాడు. కథ అంతే. తాను ఇంట్లో ఉండి, ఇంట్లో ఎవరూ లేరని ఆమె ఎందుకన్నట్టు?"

"మగవాళ్లు లేరని సార్," అన్నది ప్రేమమ్మ. "తనను తాను లెక్కలో వేసుకోలేదు. ఆయమ్మ శానా ఆకలితో ఉండాది. ఆ గింజలు ఆమెకు కావాల."

"తప్పు. అది ఆత్మాభిమానం. ఒకరిచ్చే గింజలు ముట్టకూడదని మర్యాదగా అబద్ధమాడింది."

"ఆకలికి అంత మర్యాద యాడిది సార్?"

పక్కనున్న సభ్యుడు పకపకా నవ్వాడు.

"ఏమప్పా, ఈయమ్మ సాలమన్ దొరను రాయచోటికి తోలుకొచ్చి కూర్చోబెట్టింది సూడు!"

"రాసినాయన దొర అని ఎవురు చెప్పినారు సార్?"

"పేరు చూస్తే తెలీదా?" అన్నారు లింగమూర్తి గారు.

ప్రేమమ్మ ఆయన ముఖంలోకి చూసింది.

"నిన్న దరఖాస్తు ఇయ్యను మీ ఇంటికొస్తి సార్. తలుపు వెనకనుంచి మీ ఇంటామె 'ఎవురూ లేరమ్మా ఇంట్లో' అనినారు. ఆయమ్మ కూడా ఆత్మాభిమానంతో అబద్ధమాడినారా?"

నవ్వు ఆగిపోయింది.

"ఇక మీరు పోవచ్చు," అన్నారు లింగమూర్తి గారు.

వరండాలో కూర్చున్న వెంకటలక్ష్మమ్మ, తెరిచి ఉన్న కిటికీలోంచి ప్రతి మాటా విన్నది. తన తల్లి కూడా అలాగే అంటుంది. ప్రేమమ్మ చెప్పినదే నిజమని ఆమెకు తెలుసు.

బయటికి వచ్చిన ప్రేమమ్మ ఆమె భుజం తట్టింది.

"పో తల్లీ, నిన్ను పిలుస్తాండారు. భయపడొద్దు."

లోపల అదే ప్రశ్న.

"ఆత్మాభిమానం సార్," అన్నది వెంకటలక్ష్మమ్మ.

ఉద్యోగం ఆమెదైంది.

ఆపైన తరగతిలోనూ ఆమె అదే చెప్పింది. మరుసటి వేసవి ముందు తనిఖీకి ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చారు. వెంట లింగమూర్తి గారు. ఆ కథే నడుస్తోంది. ఒక పిల్ల లేచి నిలబడింది.

"మాయమ్మ కూడా అట్లే అంటాది టీచర్. బియ్యం అప్పిచ్చేటోళ్లు వచ్చినా అట్లే అంటాది. మాయమ్మకు అంత అభిమానమా?"

పిల్లలు నవ్వారు. వెంకటలక్ష్మమ్మ నవ్వలేకపోయింది.

"లేదమ్మా. నేను మీకు తప్పు చెప్పినాను. మీయమ్మ తనను మనిషి కింద లెక్క వేసుకోదు. కథలో ముసలామె కూడా అంతే. ఈ మాట నాది కాదు. ప్రేమమ్మ అనే ఆమెది. నిజమని తెలిసి కూడా, కమిటీకి నచ్చిన మాట చెప్పి ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను."

"వెంకటలక్ష్మమ్మా! ఏం మాట్లాడ్తాండావు?" అని గద్దించారు లింగమూర్తి గారు.

"చెప్పనివ్వండి," అన్నారు ఇన్‌స్పెక్ట్రెస్. "మా ఇంట్లోనూ ఆ మాట విన్నాను."

వెంకటలక్ష్మమ్మ ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చింది. ఆ స్థానం ప్రేమమ్మకే ఇవ్వాలని ఇన్‌స్పెక్ట్రెస్ పట్టుబట్టారు. కమిటీ తలవంచింది. నియామకపు ఉత్తర్వును తన చేతులతో ఇవ్వాలని వెంకటలక్ష్మమ్మ రాయచోటి బస్సెక్కింది.

గడపలో ఒక ముసలామె వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ప్రేమమ్మ తల్లి మార్తమ్మ.

"ప్రేమమ్మ గారుండారా అవ్వా?"

"క్రిస్మసు ముందర పోయిందమ్మా. దగ్గి దగ్గి పోయింది. మందులకు యాడ తెచ్చేది?"

 వెంకటలక్ష్మమ్మ కింద కూర్చుని ఉత్తర్వును ముసలామె చేతిలో పెట్టింది.

"ఇది ఆమె ఉద్యోగం అవ్వా. నేను తీసుకుంటి. మొత్తం తిరిగి ఇచ్చేసినా. ఆ కథకు ఆమె చెప్పిన అర్థమే సరైందని అందరి ముందరా ఒప్పుకుంటి."

"ఏం కత?"

"కరువులో గింజలు పంచేటాయన కథ అవ్వా. సాలమన్ రాసింది."

మార్తమ్మ ఒలవడం ఆపింది.

"దాంట్లో అర్థమేముండాదమ్మా? ముందటి కరువులో గింజలోళ్లు పిలిస్తే, ఎవురూ లేరంటి నేను. ఎల్లిపాయిరి. మా పాప ప్రేమమ్మ శానా కొట్లాడింది నాతో. 'నువ్వు మనిషివి కాదా అమ్మా' అని ఏడ్చింది."

"మరి సాలమన్...?"

"సాలమన్ మా ఆయన, ఎప్పుడో పోయినాడు, ఆడదాని పేరుంటే అచ్చెయ్యరని, నాయన పేరు పెట్టి ఆ కత రాసింది మా పాపే గదమ్మా."