తెల్ల పాయ

నిజం ఒప్పేసుకుంటున్నా: జుట్టు కత్తిరిస్తూ ఆపకుండా మాట్లాడేవాళ్ళంటే నాకు పరమ చిరాకు. మీకూ ఎవరో ఒకరు తగిలే ఉంటారు, ఇది చదివాక మీ గోడు కూడా చెప్పండి, తీరిగ్గా వింటాను. ఈ కథలో తల్లికి మాత్రం ఆ రోజు అంత ఓపిక లేదు.

“ఈ తెల్ల పాయకి నల్లరంగు వేసెయ్యమ్మా. రేపు ప్లేస్కూల్లో ఫొటో” అంది ఆమె, కుర్చీలో కొడుకుని ఒళ్ళో సర్దుకుంటూ.

“రెండున్నరేళ్ళ పిల్లాడికి రంగా! వెయ్యనంటే వెయ్యను” అంది కత్తెర పట్టుకున్న అమ్మాయి. “చివర్లు కత్తిరిస్తా, చాలు. అక్కా, తల దించకండి, అద్దంలోకి చూస్తూ మాట్లాడండి. పుట్టుకతోనే ఉందా ఈ పాయ? ఎంత ముద్దుగా ఉందో!”

తల్లికి ఒళ్ళు మండింది. గుమ్మంలో నిలబడి “ఖాళీ ఉందా?” అని రెండుసార్లు అడిగితే ఈ పిల్ల తిరిగి చూడనైనా లేదు. గల్లాపెట్టె దగ్గరున్న పెద్దావిడ లేచొచ్చి భుజం తట్టాల్సి వచ్చింది. ఇప్పుడేమో వసపిట్టలా ఒకటే వాగుడు. పైగా ఆ యాస ఏ ఊరిదో, సగం అక్షరాలు మింగేస్తోంది. తలంతా ఎర్రరంగు, కళ్ళకి నీలం లెన్సులు. సోకులన్నీ ఈ పిల్లకేనట, తన కొడుక్కి మాత్రం రంగు వెయ్యదట!

“మాటలు రాని పిల్లాణ్ణి ఎలాగూ వింతగా చూస్తారు. ఇది కూడా ఎందుకని” అంది తల్లి.

“మాటలు రాలేదా?”

“అమ్మా అని కూడా అనడు. వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకి గానీ రాలేదని మా అత్తయ్య అంటారు.”

అప్పుడే పెద్దావిడ చేతిలోంచి స్టీలు ట్రే జారి, క్లిప్పులూ దువ్వెనలతో సహా నేల మీద ఢమాల్న పడింది. తల్లి ఎగిరిపడింది. కత్తెర మాత్రం టకటకా ఆడుతూనే ఉంది. మొండిఘటం, అనుకుంది తల్లి.

రెండు క్షణాల తర్వాత కత్తెర ఆగింది. ఆ అమ్మాయి అద్దంలో తల్లి మొహం చూసింది, వెనక్కి తిరిగి ట్రేని చూసింది, ఆ తర్వాత పిల్లాణ్ణి చూసింది. వాడు దువ్వెన పళ్ళు మీటుకుంటున్నాడు.

“అక్కా, మీరు ఉలిక్కిపడ్డారు. వీడు పడలేదు.”

“ఆటలో పడితే వీడికి లోకం పట్టదు.”

“వెనక నుంచి పిలిస్తే తిరుగుతాడా? మీరు కనబడకుండా?”

ఒక్కసారైనా తిరిగాడా అని తల్లి గుర్తు చేసుకోబోయింది. అలాంటిది ఒక్కటీ తట్టలేదు.

ఆ అమ్మాయి ముందుకొచ్చి, వాడి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. “ఒక కన్ను నలుపు, ఒకటి నీలం. కళ్ళ మధ్య ఎడం ఎక్కువ, ముక్కు మొదలు వెడల్పు. పైన ఈ తెల్ల పాయ. విడివిడిగా ఏదైనా అందమే అక్కా. అన్నీ ఒక్క మొహంలోనే ఉంటే మాత్రం చెవులు చూపించుకోవాలి. ఇలాంటి వాళ్ళందరికీ వినికిడిలో తేడా ఉంటుందని కాదు. ఉన్నా అది పుట్టుకతో వచ్చిందే, మీరు చేసిన తప్పేం లేదు. ఈ వారమే వెళ్ళండి, వాయిదా వెయ్యకండి.”

“నువ్వేమైనా డాక్టరువా?”

“కాదు. రోజూ అద్దంలో మొహాలు చూసేదాన్ని.”

పిల్లాడి మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసుకుని, ఆ అమ్మాయి గది చివరున్న కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

తల్లికి కోపం రావాలి. రాలేదు. కొడుకుని గుండెకి హత్తుకుని లేచింది. “చెవులే వినపడకపోతే వీడికి మాటలెలా వస్తాయి? నన్ను అమ్మా అని ఎప్పటికైనా పిలుస్తాడా? చెప్పు!” అని ఆ వీపుని అడిగింది.

ఆ అమ్మాయి తువ్వాలు పిండుకుంటూనే ఉంది. ఇంతసేపూ ఆగని నోరు అసలు ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మూతపడింది. అంటే పిలవడనే కదా! తల్లి కళ్ళు నిండిపోయాయి.

పెద్దావిడ దువ్వెనలు ఏరడం ఆపి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“ఎదురుగా వెళ్ళి అడుగు తల్లీ, గంటసేపు చెబుతుంది” అంది నవ్వుతూ.

“మా అమ్మాయికీ ఆ ఎర్రరంగు కింద ఇలాంటి తెల్ల పాయే. పుట్టినప్పటి నుంచీ వినపడదు.”