సొంత వేళ్లు చూడకూడదు

మిరప వేళ్లు వెలిగి తమ జబ్బు చెప్పే రోజులొచ్చినా ఊళ్లో ఒక పట్టింపు పోలేదు. తన చేలోని వేళ్లను తనే చూసుకుంటే దిష్టి తగులుతుందట. అందుకే మట్టిలోకి దించిన గాజుగొట్టంలో మైక్రోస్కోపు పెట్టి చూసేందుకు ఊరికో మనిషి ఉంటారు. పచ్చగా వెలిగితే భయం లేదు. ఎర్రగా వెలిగితే వేరుకుళ్లు. వెంటనే మందు పోయకపోతే నీటివెంట కింది చేలకూ దిగుతుంది.

నిరుడు ఆ పని తేజది. తన చేనుకు దిగువనున్న తన్మయి చేలో వేళ్లు ఎర్రబడటం చూసి కూడా "పచ్చగానే ఉన్నాయి" అన్నాడు. ఊళ్లో ఉన్న మందంతా ముందుజాగ్రత్తగా తన చేలో పోసుకున్నాడు. పది రోజుల్లో ఆమె మూడెకరాలూ ఎండిపోయాయి.

ఈ ఏడు ఆ పని తన్మయికిచ్చారు. తేజ చేలో మోకాళ్లమీద వంగి, గాజుకు కన్ను ఆనించింది. వేళ్లు నిన్న దొంగచాటుగా చూసినప్పటికన్నా ఎర్రగా ఉన్నాయి.

"ఎట్టా ఉన్నాయే?" అన్నాడు తేజ, అటు తిరిగి నిలబడి.

"పచ్చగానే ఉన్నాయి బావా."

తేజ నవ్వాడు. "నువ్వు అబద్ధం చెప్పవులే. కుళ్లంటూ దిగితే ముందు నీ చేలోకే గదా!"

"అంతేగా బావా," అంటూ తన్మయి చేతులు ప్యాంటుకు తుడుచుకుంది. ఊళ్లో ఉన్న మందంతా ఆ రోజు తెల్లారకముందే తన చేలో పోసుకొచ్చింది. వాసన ఇంకా వదల్లేదు.