ఎర్ర చుక్క పుస్తకం

ఈ ఏడాది అచ్చయిన పిల్లల పుస్తకాలు మా లైబ్రరీకి ఏరింది నేనే, చుక్కలంటించిందీ నేనే. కూడబలుక్కుని చదివేవాళ్లకు పచ్చ, గడగడా చదివేవాళ్లకు ఎరుపు. మా కోచబాంబ ఊళ్లో తల్లులందరికీ ఎరుపే కావాలి.

బజార్లో మొక్కజొన్నలమ్మే ఎర్మెలిందా బల్ల చరిచింది. "పక్కింటి పిల్లకి ఎర్రది ఇచ్చారట. మావాడేమైనా తక్కువ తిన్నాడా, లైబ్రరీ అమ్మా?"

వాడికి ఆరేళ్లు. వాదించే ఓపిక లేక లోపలికెళ్లి, నక్కపిల్ల బొమ్మల పుస్తకానికి పచ్చ చుక్క పీకి ఎర్రది అంటించి ఇచ్చాను. పీడా వదిలిందని నవ్వుకున్నాను కూడా.

వారానికి మళ్లీ వచ్చింది. ఈసారి గొంతు తగ్గించింది.

"వాడు బొమ్మలు చూసి పడేశాడమ్మా. నేనే కూర్చుని చివరిదాకా చదివాను. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటి పుస్తకం. ఎర్రదే చదవడం వచ్చేసిందిగా, దానికి పైన ఏ చుక్కుంది?"