పురుగు ముట్టింది

"దిగవే దుర్గా. ఇంత దూరం వచ్చి కారులోనే కూర్చుంటావా?"

ఏడేళ్ళ శ్రీదుర్గ దిగలేదు. కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని, తల్లి సింధూరి చున్నీ కొస గట్టిగా పట్టుకుంది.

కరకట్ట పక్కనున్న ఆ సంరక్షణ కేంద్రం గేటు ఇంకా తెరవలేదు. అంతరించిపోతున్న మన పక్షుల్నీ, పాముల్నీ, తాబేళ్ళనీ సాకే చోటు అది. సరదాకైతే సింధూరి అటువైపు తొంగి చూసేది కూడా కాదు.

కిందటేడు ఉయ్యూరు దగ్గర బంధువుల పెళ్ళికి వెళ్ళారు. పెద్దవాళ్ళంతా పందిట్లో ఉండగా, చెరుకుతోట గట్టున ఆడుకుంటున్న దుర్గను పాము కరిచింది. వీళ్ళకు తెలిసేసరికి పిల్ల ఆసుపత్రిలో ఉంది. విషం దిగిపోయింది గానీ భయం దిగలేదు. పాము అన్న మాట వినపడితే చాలు, చెవులు మూసుకుని వణికిపోయేది. చివరికి బడి కూడా మానేసింది.

"అద్దం వెనక ఉన్నవాటిని చూపించండి. మెల్లగా అలవాటవుతుంది" అన్నారు డాక్టరుగారు.

సింధూరికి మిగిలిన ఆశ అదొక్కటే.

ఎవరో కారు అద్దం మీద తట్టారు.

ముసలాయన. మాసిన లుంగీ, చంకలో గంప. గంప మీది తువ్వాలు తొలగి, లోపలినుంచి రెండు గుడ్లగూబ పిల్లలు కళ్ళప్పగించి చూస్తున్నాయి.

పొద్దున్నే వీటి మొహం చూడాలా అనుకుంటూ సింధూరి అద్దం సగం దించింది.

"అమ్మా, చిన్న సాయం. కాస్త ఉయ్యూరు ఆసుపత్రి దాకా దింపుతారా? నన్ను పా..." అంటూ లోపలికి చూసి ఆగిపోయాడు. చూపు దుర్గ మీద నిలిచింది. గొంతు తగ్గించాడు. "పురుగు ముట్టిందమ్మా."

"ఏం పురుగు?"

"పురుగేనమ్మా" అన్నాడు, పిల్లవైపు కళ్ళతోనే చూపిస్తూ. చెయ్యి చాపాడు. మణికట్టు దగ్గర కాస్త వాచింది, అంతే.

మాట ముద్దముద్దగా వస్తోంది. రెప్పలు వాలిపోతున్నాయి. పొద్దున్నే వేసుకొచ్చినట్టున్నాడు అనుకుంది సింధూరి.

"ఏ కందిరీగో కుట్టుంటుందిలెండి. కాస్త సున్నం రాయండి. దీనికి ఆసుపత్రి ఎందుకు?"

ఆయన ఆమె వైపు వింతగా చూశాడు. ఇంకోసారి అడగలేదు.

"పాప బడికెళుతోందా అమ్మా?" అన్నాడు.

సింధూరికి ఒళ్ళు మండింది. ఏడాదిగా అందరూ అడిగేది అదే.

"మీకెందుకండీ అవన్నీ?" అని అద్దం పైకెత్తేసింది.

ఆయన తడబడుతూ వెళ్ళి గేటు ముందు కూలబడ్డాడు. గంప మాత్రం ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

కాసేపటికి కేంద్రంలో పనిచేసే ఏసుపాదం బండి మీద వచ్చాడు. ముసలాయన చేతిని చూస్తూనే పెద్దగా అరిచాడు. గంప దింపి, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని కరకట్ట మీద దూసుకుపోయాడు.

తాగినవాడికి ఎంత మర్యాదో అనుకుంది సింధూరి.

తరువాత వచ్చిన అమ్మాయి గేటు తీసి, వాళ్ళను లోపలికి తీసుకెళ్ళింది. రెక్క విరిగిన గూడబాతును చూపించింది. వీపు మీద చుక్కలున్న తాబేళ్ళను చూపించింది. దుర్గ దేన్నీ సరిగ్గా చూడలేదు. పాముల గది గుమ్మం దగ్గర నిలబడిపోయి, ఎంత బతిమాలినా అడుగు వెయ్యలేదు.

సింధూరికి ఏడుపొక్కటే తక్కువ. పిల్లను లాక్కుని బయటికొచ్చేసింది.

గేటు దగ్గర ఏసుపాదం ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన గంప. చేతిలో ఆ తువ్వాలు.

"ఆయనకెలా ఉందండీ?" అంది, అడగకపోతే బాగుండదని.

"పోయాడమ్మా. ఇంకాస్త ముందు తెచ్చుంటే దక్కేవాడన్నారు."

"అదేంటి! ఏదో పురుగు కుట్టిందన్నారే..."

ఏసుపాదం తలెత్తాడు. "పురుగు ముట్టిందంటే పాము కరిచిందనండీ మా ఊళ్ళల్లో. పేరెత్తకూడదని అలా అంటారు. తాటిమొద్దు తొర్రలోంచి ఈ పిల్లల్ని తీస్తుంటే లోపలున్న నాగుపాము కాటేసింది."

సింధూరి గంప వైపు చూసింది. భవానీపురం అపార్టుమెంట్లలో పెరిగిన తనకు ఆ మాట తెలియదు. తెలియదని ఆయనకు తెలియదు. కారు పెట్టుకుని, అంతా అర్థమయ్యే పొమ్మందనుకుని ఉంటాడు. అలా అనుకునే పోయి ఉంటాడు.

"పాము అని ఒక్క మాట అంటే నేను..." అంది సింధూరి.

"అదేనండీ నాకూ అంతుపట్టనిది. ఊరంతా పురుగన్నా మా ముసలాయన వెంకటప్పయ్య మాత్రం పామును పామనే అనేవాడు. దాని పేరుకు భయమెందుకురా అని మమ్మల్నే కోప్పడేవాడు."

అప్పటికి గుర్తొచ్చి సింధూరి గబుక్కున కూతురి వైపు తిరిగింది.

దుర్గ చెవులు మూసుకోలేదు, కరకట్ట వైపే చూస్తోంది.

"చెరుకుతోటలోంచి నన్ను బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు కూడా ఆ తాత అంతేనమ్మా... భయపడకు, పాము కాదు, పురుగేనన్నాడు."